నీలి సొరచేపలు – 4: రద్దయిన మ్యాచ్, రద్దు కాని రెడ్ కార్డు

కేప్ వెర్డె జాతీయ ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో 2010 నుంచి 2013 దాకా నడిచిన కాలం ఒక ఎత్తు, అంతకు ముందరి మూడు దశాబ్దాలు ఒక ఎత్తు. అప్పటిదాకా ఆఫ్రికాలోనే చాలామందికి తెలియని ఈ జట్టు ఆ కొద్ది కాలంలో, అప్పటికే నాలుగుసార్లు ఖండ విజేత అయిన కామెరూన్‌ను పోటీ నుంచి తప్పించింది. తొలిసారి ఆడిన ఆఫ్రికా కప్‌లోనే క్వార్టర్ ఫైనల్ చేరింది. వరల్డ్‌కప్‌కు రెండు మ్యాచ్‌ల దూరం దాకా వెళ్లింది. అక్కడ అయిదు రోజులు నిలిచి, మైదానంలో ఎవరి చేతిలోనూ ఓడకుండానే వెనక్కి వచ్చేసింది.

గత భాగంలో మిండెలో రేవు కథ చెప్పుకున్నాం. బొగ్గు నింపుకోవడానికి ఆగిన ఇంగ్లిష్ ఓడల వెంట బంతి ఆ దీవులకు రావడం, పోర్చుగీసు పాలనలో ఊరూరా క్లబ్బులు పుట్టడం, 1975 జులై 5న స్వాతంత్ర్యం, 1982లో ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పాటు, 1986లో ఫిఫా సభ్యత్వం అందులో వచ్చాయి. 1992లో దేశం జెండా మార్చుకుంది. పది నక్షత్రాల నీలం జెండా వచ్చాక జట్టు చొక్కా కూడా నీలమైంది, ఆటగాళ్లు ‘నీలి సొరచేపలు’ అయ్యారు. స్వాతంత్ర్యోద్యమ నేత అమిల్కార్ కబ్రాల్ పేరిట పశ్చిమాఫ్రికా దేశాలు అప్పట్లో ఆడుకునే కప్పును 2000లో సొంతగడ్డపై గెలుచుకోవడంతో ఆ భాగం ముగిసింది. అదే ఏడాది తొలి వరల్డ్‌కప్ అర్హత పోరులో అల్జీరియాను రాజధాని ప్రాయాలో 0–0తో నిలువరించి, అల్జీర్స్‌లో 0–2తో ఓడి ఇంటిదారి పట్టిన సంగతీ చెప్పుకున్నాం.

ఆ తర్వాతి పదేళ్లలో పెద్దగా జరిగిందేమీ లేదు. అర్హత పోటీలు వచ్చేవి, పోయేవి. ప్రాయాలో ఎవరో ఒక పెద్ద జట్టు తడబడేది, ఆ గెలుపు ముచ్చట కొన్నాళ్లు నడిచేది, బయటి మ్యాచ్‌ల్లో అంతా చేజారిపోయేది. ఆటగాళ్లు లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. కేప్ వెర్డె రక్తమున్న ఆటగాళ్లు ప్రపంచమంతా ఆడుతూనే ఉన్నారు, కాకపోతే వేరే దేశాల చొక్కాల్లో.

చెల్లాచెదురైన జట్టు

సెనెగల్ తీరానికి దాదాపు 600 కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్ మధ్యలో పది దీవులు. తొమ్మిదింటిలోనే మనుషులుంటారు. 2010 జనాభా లెక్కల ప్రకారం ఆ తొమ్మిదింటిలో కలిపి ఉన్నది దాదాపు 4.92 లక్షల మంది. వానలు సరిగా కురవని నేల అది. కరువు వచ్చినప్పుడల్లా జనం ఓడెక్కారు. తిమింగలాల వేట ఓడల్లో అమెరికా మసాచుసెట్స్ తీరానికి చేరినవారున్నారు. కోకో తోటల్లో కూలీలుగా సావో టోమేకు వెళ్లినవారున్నారు. తర్వాతి తరాలు లిస్బన్ శివార్లకు, రోటర్‌డామ్ రేవుకు, పారిస్‌కు, డకార్‌కు చేరాయి. దీవుల్లో ఉన్నవారికంటే బయట ఉన్నవారే ఎక్కువ. ఇంటింటా ఎవరో ఒకరు పరదేశంలో ఉంటారు. నెలనెలా వచ్చే డబ్బుతోనే చాలా ఇళ్లు గడుస్తాయి.

ఆ వలసకు ఫుట్‌బాల్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పోర్చుగల్ జాతీయ జట్టులో వెన్నెముకలా ఆడిన ఓసియానో సావో విసెంట్ దీవిలో పుట్టినవాడు. ఆ తర్వాతి తరంలో అదే జట్టు రక్షణ పంక్తిలో నిలబడిన రోలాండో కూడా ఆ దీవి బిడ్డే. మాంచెస్టర్ యునైటెడ్‌లో వెలిగిన నానీ కుటుంబ మూలాలు ఇక్కడివే. స్వీడన్ జనం నెత్తిన పెట్టుకున్న హెన్రిక్ లార్సన్ తండ్రి కేప్ వెర్డె మనిషి. 1998లో ఫ్రాన్స్‌తో వరల్డ్‌కప్ గెలిచిన పాట్రిక్ వియెరా తల్లివైపు వారూ ఇక్కడివారే. వీళ్లందరినీ ఒక జట్టుగా ఊహించుకోవడం దీవుల కాఫీ కొట్లలో పాత కాలక్షేపం.

2009లో ఫిఫా ఒక నిబంధన మార్చింది. అంతకు ముందు ఒక దేశం యువజట్టుకు ఆడినవాడు మరో దేశానికి మారాలంటే 21 ఏళ్లు నిండేలోపే మారాలి. ఆ వయసు హద్దును ఎత్తేశారు. పెద్దల జట్టుకు అధికారిక పోటీల్లో ఆడనంతవరకు ఎప్పుడైనా మారే వీలు కలిగింది, అయితే ఫిఫాకు దరఖాస్తు పెట్టుకుని అనుమతి పొందాల్సి ఉండేది. పోర్చుగల్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ యువజట్ల దాకా వెళ్లి ఆగిపోయిన వలస కుటుంబాల కుర్రాళ్లకు ఈ మార్పుతో తలుపు తెరుచుకుంది. దరఖాస్తు, అనుమతి అన్న ఆ రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ భాగం చివర్లో కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

కుర్రాళ్లను వెతకడానికి సమాఖ్య దగ్గర గూఢచారుల్లాంటి ప్రతిభాన్వేషకులేమీ లేరు. ఉన్నది బంధుత్వాల అల్లిక. ఫలానావాళ్ల అబ్బాయి రోటర్‌డామ్‌లో ఆడుతున్నాడట, ఫలానా ఆమె మనవడు పోర్చుగల్ రెండో డివిజన్‌లో ఉన్నాడట అన్న కబుర్లే సమాచారం. వచ్చిన కుర్రాళ్లలో కొందరికి పోర్చుగీసు సరిగా రాదు, కొందరికి డచ్చి తప్ప మరోటి నోట పలకదు. అయినా అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న క్రియోలు మాట అందరికీ వచ్చు. డ్రెస్సింగ్ రూమును ఒక్కటి చేసింది ఆ ఇంటిభాషే.

2010 మేలో ఒక చిన్న సూచన కనిపించింది. దక్షిణాఫ్రికా వరల్డ్‌కప్‌కు బయలుదేరే ముందు పోర్చుగల్ తన పర్వత పట్టణం కోవిల్యాలో కేప్ వెర్డెతో సన్నాహక మ్యాచ్ పెట్టుకుంది. తేలిగ్గా గోల్స్ చేసుకుని ఉత్సాహంగా విమానమెక్కుదామన్నది వారి ఆలోచన. ఫిఫా ర్యాంకింగుల్లో వందో స్థానానికి కింద ఉన్న జట్టు ఒక్క గోలూ ఇవ్వలేదు. 0–0. వలస పాలకుల జట్టును వారి గడ్డమీదే నిలువరించిన ఆ రాత్రి తర్వాత, పిలుపు వస్తే వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్న వలస కుర్రాళ్ల లెక్కలు మారాయి.

సెలవు పెట్టి వచ్చిన కోచ్

ఆ ఏడాదే జట్టు పగ్గాలు లూసియో ఆంటూనెస్ చేతికి వచ్చాయి. ఆయన వృత్తి విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం. అట్లాంటిక్ మీద ఐరోపాకూ దక్షిణ అమెరికాకూ నడుమ ఎగిరే విమానాలెన్నో కేప్ వెర్డె కంట్రోలర్ల పర్యవేక్షణలోని గగనతలం మీదుగా పోతాయి. ఆ ఉద్యోగంలో ఉంటూనే ఆంటూనెస్ కోచింగ్ నేర్చుకున్నారు. 2009లో లిస్బన్‌లో జరిగిన పోర్చుగీసు భాషా దేశాల క్రీడల్లో కేప్ వెర్డె యువజట్టు స్వర్ణం గెలిచింది ఆయన ఆధ్వర్యంలోనే. జాతీయ జట్టు పని మీద పడ్డప్పుడు ఉద్యోగానికి సెలవు పెట్టేవారు.

విదేశీ పత్రికలు తర్వాత ఈ విషయాన్ని వింతగా రాశాయి కానీ, దీవుల్లో అది వింత కాదు. అక్కడి ఫుట్‌బాల్ అంతా వేరే పని చేసుకుంటూ ఆడేదే. ప్రతి దీవికీ తన లీగు ఉంటుంది. శాంటియాగో, శాంటో ఆంటావ్ దీవుల్లో ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి. ఆ లీగుల విజేతలు కలిసి జాతీయ ఛాంపియన్‌షిప్ ఆడతారు. అందుకోసం ఓడలోనో, గాలి కుదిరితే ఎగిరే చిన్న విమానంలోనో దీవి దాటాలి. సముద్రం పొంగితే మ్యాచ్ వాయిదా. చాలా మైదానాలు మట్టివిగా ఉండేవి. ఎడారి గాలికి ఎగిరే దుమ్ములో, గట్టి నేల మీద ఎత్తుగా లేచే బంతిని అదుపు చేయడం నేర్చుకున్న పిల్లలకు కాలి పట్టు చిన్నప్పుడే కుదురుతుంది. వాళ్ల ఆరాధ్యులు టీవీలోంచి, రేడియోలోంచి వచ్చారు. ఈ జట్టులోని లూయిస్ సోరెస్‌ను అందరూ ప్లాటిని అనే పిలుస్తారు. రక్షణలో ఎడమవైపు ఆడే మరొకతను స్టోపిరా. 1980ల ఫ్రాన్స్ జట్టులోని మిషెల్ ప్లాటిని, యానిక్ స్టోపిరాల పేర్లు అవి. ఆ దశకపు చివర్లో పుట్టిన పిల్లలకు ముద్దుపేర్లుగా అతుక్కుని, ఇరవై ఏళ్ల తర్వాత చొక్కాల మీదికెక్కాయి.

ఆంటూనెస్ చేసిన అసలు పని ఈ రెండు లోకాలనూ కలపడం. దీవుల మట్టిలో పెరిగినవాళ్లూ, ఐరోపా క్లబ్బుల క్రమశిక్షణలో తయారైనవాళ్లూ ఒకే పద్ధతిలో ఆడాలి. కలిసి సాధన చేయడానికి దొరికేది మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులే. అందుకని ఆయన ఆటను సరళంగా ఉంచారు. బంతి పోతే అందరూ వెనక్కి రావాలి, దగ్గర దగ్గరగా నిలబడాలి, బంతి దొరికితే రెక్కల వైపు వేగంగా వెళ్లాలి. రెక్కల మీద హెల్డన్, రయాన్ మెండెస్ లాంటి చురుకైనవాళ్లున్నారు. గోల్ ముందు మిండెలో నుంచి వచ్చిన వోజిన్యా. 2012 ఆఫ్రికా కప్ అర్హత పోటీల్లో ఈ జట్టు మాలితో చివరి దాకా పోటీపడి త్రుటిలో తప్పిపోయింది. ఓటమే అయినా, సరిసమానంగా ఆడగలమన్న లెక్క అప్పుడు తేలింది.

కామెరూన్

తర్వాత కలిసొచ్చింది క్యాలెండర్. ఆఫ్రికా కప్ సరి సంవత్సరాల్లో జరిగి వరల్డ్‌కప్‌తో ఢీకొంటోందని, దాన్ని బేసి సంవత్సరాలకు మార్చారు. దాంతో 2012 కప్ ముగిసిన ఏడాదికే 2013 కప్ వచ్చింది. మధ్యలో దీర్ఘమైన గ్రూపు దశ నడిపే సమయం లేదు. ఇంట్లో ఒకటి, బయట ఒకటి, రెండేసి మ్యాచ్‌ల నాకౌట్ పోరులే. పది నెలలపాటు ఆరేసి మ్యాచ్‌లు ఆడాల్సివస్తే పెద్ద దేశాల బలగం ముందు చిన్న జట్టు అలసిపోతుంది. రెండు మ్యాచ్‌లంటే ఒక మంచి సాయంత్రం చాలు. మడగాస్కర్‌ను దాటాక కేప్ వెర్డెకు చివరి పోరులో ఎదురైంది కామెరూన్.

పేరు చూస్తే భయం పుట్టే జట్టే. కానీ 2012 నాటి కామెరూన్ లోపల కుళ్లిపోయి ఉంది. ముందటేడాది చివర్లో బోనస్ డబ్బులు అందలేదని ఆటగాళ్లు సమ్మె చేసి అల్జీరియాతో మ్యాచ్ ఆడలేదు. నాయకత్వం వహించాడని కెప్టెన్ శామ్యూల్ ఎటోను నిషేధించారు. నిషేధం ముగిశాక పిలిస్తే, నిర్వహణ తీరు బాగాలేదంటూ ఆయన రానన్నాడు. సమాఖ్యకూ ఆటగాళ్లకూ మధ్య మాటల్లేవు. డబ్బున్న సమాఖ్య ఆటగాళ్లతో పోట్లాడుతూ కూర్చుంటే, డబ్బులేని సమాఖ్య ఆటగాళ్లను బతిమాలి కూడగట్టుకుంది. ఆ రెండు మ్యాచ్‌ల ఫలితంలో ఈ తేడాకు పెద్ద వాటానే ఉంది.

2012 సెప్టెంబర్ 8. ప్రాయాలో పీఠభూమి మీది పాత పట్టణానికి దిగువన ఉన్న వార్జియా స్టేడియం. కామెరూన్ ఎటో లేకుండా వచ్చింది. కేప్ వెర్డె 2–0తో గెలిచింది. కామెరూన్ వెంటనే కోచ్ డెనిస్ లవాన్యాను తొలగించి జాన్ పాల్ అకోనోను తెచ్చింది, ఎటోను బుజ్జగించి రప్పించింది. అక్టోబర్ 14న యవుండేలో రెండో మ్యాచ్. గెలిచితీరాల్సిన స్థితిలో ఆ దేశమంతా స్టేడియం వైపు చూస్తున్నవేళ, మొదటి అర్ధభాగంలోనే హెల్డన్ గోల్ కొట్టాడు. దాంతో కామెరూన్‌కు నాలుగు గోల్స్ అవసరమయ్యాయి. ఒకటి తిరిగొచ్చింది. రెండోది వచ్చేసరికి ఆట చివరి క్షణాల్లో ఉంది. ఆ మ్యాచ్ 1–2తో ఓడినా, మొత్తం మీద 3–2తో కేప్ వెర్డె గట్టెక్కింది.

ప్రాయా, మిండెలో వీధుల్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. ప్రపంచానికి ఈ దేశం గురించి తెలిసిన పేరు అప్పటిదాకా ఒక్కటే, చెప్పులు లేకుండా వేదికెక్కి మొర్నా పాటలు పాడిన మిండెలో గాయని సెజారియా ఎవోరా. ఆమె 2011 డిసెంబర్‌లో కన్నుమూసింది. ఏడాది తిరగకముందే దీవుల పేరు మళ్లీ పత్రికల మొదటి పేజీల్లోకి వచ్చింది, ఈసారి ఆట వల్ల.

జొహానెస్‌బర్గ్

2013 కప్ లిబియాలో జరగాల్సింది. అక్కడి అంతర్యుద్ధం వల్ల దక్షిణాఫ్రికాకు మారింది. ప్రారంభ మ్యాచ్‌లోనే ఆతిథ్య జట్టుతో కేప్ వెర్డెకు పోరు పడింది. ఈ రెండు దేశాల మధ్య ఒక పాత, ఇబ్బందికరమైన బంధం ఉంది. వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా విమానాలను తమ ఆకాశంలోకి ఎన్నో ఆఫ్రికా దేశాలు రానివ్వలేదు. ఆ విమానాలు ఖండాన్ని చుట్టి సముద్రం మీదుగా ఐరోపా వెళ్తూ ఇంధనం కోసం ఆగింది కేప్ వెర్డెలోని సాల్ దీవిలో. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఒప్పందం కొనసాగింది. వర్ణవివక్షను నిరసిస్తూనే, ఆ ఆదాయాన్ని వదులుకోలేని పేదరికం కొత్త దేశానిది. సాల్ దీవిలో పుట్టిన హెల్డన్, విమానాలకు దారిచూపే ఉద్యోగి శిక్షణలో, జొహానెస్‌బర్గ్‌లో అడుగుపెట్టడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

జనవరి 19న సాకర్ సిటీ మైదానం. మూడేళ్ల కిందట వరల్డ్‌కప్ ఫైనల్ జరిగిన చోటు. తడిసిన పచ్చిక, బూరల హోరు, ఆతిథ్య జట్టు మీద మోయలేనంత ఒత్తిడి. ఆ టోర్నీలో జనాభా రీత్యా అతి చిన్న దేశం భయపడలేదు సరికదా, మెరుగైన అవకాశాలను కూడా తనే సృష్టించుకుంది. 0–0. నాలుగు రోజుల తర్వాత డర్బన్‌లో మొరాకోతో ఆట. ప్లాటిని గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లి, చివరి పావుగంటలో గోల్ ఇచ్చి 1–1తో సరిపెట్టుకుంది.

జనవరి 27న పోర్ట్ ఎలిజబెత్‌లో ఆఖరి గ్రూపు మ్యాచ్ అంగోలాతో. ఒకే పాలకుల కింద నలిగిన రెండు దేశాలు. చమురుతో సంపన్నమైన అంగోలా క్లబ్బుల్లో ఎందరో కేప్ వెర్డె ఆటగాళ్లు జీతానికి ఆడుతుండేవారు. ఒకరినొకరు బాగా ఎరిగినవాళ్ల పోరు అది. 33వ నిమిషంలో కెప్టెన్ నాండో కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకే వెళ్లింది. మరో ముప్పావు గంట ఆట గడిచినా స్కోరు మారలేదు. అదే సమయంలో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, మొరాకో ఆడుతున్నాయి. అక్కడ గోల్ పడ్డప్పుడల్లా ఇక్కడి లెక్క తారుమారవుతోంది. డ్రా చాలదు, గెలవాలి.

81వ నిమిషంలో రక్షణ ఆటగాడు ఫెర్నాండో వరేలా స్కోరు సమం చేశాడు. రొమేనియా క్లబ్బుకు ఆడే పొడగరి. ఆ పేరుతో ఈ కథకు ఇంకా పనుంది. 90 నిమిషాలు దాటాక హెల్డన్ రెండో గోల్ కొట్టాడు. 2–1. మొరాకో ఇంటికి, కేప్ వెర్డె క్వార్టర్ ఫైనల్‌కు. మ్యాచ్ తర్వాత ఆంటూనెస్, ఆయన వెనుక ఆటగాళ్లు విలేకరుల సమావేశంలోకి పాడుకుంటూ వచ్చారు. వ్యూహాల గురించి ప్రశ్నలు సిద్ధం చేసుకున్న పాత్రికేయులు కాగితాలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 2న అదే ఊళ్లో ఘనాతో క్వార్టర్ ఫైనల్. ఈ టోర్నీలో కేప్ వెర్డె అన్నింటికంటే బాగా ఆడింది ఓడిన ఈ మ్యాచ్‌లోనేనని చెప్పాలి. 54వ నిమిషంలో ఘనాకు వచ్చిన పెనాల్టీ మీద వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. వకాసో దాన్ని గోల్ చేశాడు. ఆ తర్వాత ఆట ఘనా సగంలోనే సాగింది. ఘనా గోల్‌కీపర్ ఫతావు దావుదా ఒకదాని వెంట ఒకటిగా బంతులు ఆపాడు. చివరి నిమిషాల్లో వోజిన్యా సైతం గోల్ వదిలి ముందుకు పరుగెత్తాడు. బంతి చేజిక్కించుకున్న వకాసో ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. 0–2.

రెండు ఆఫీసు కాగితాలు

ఆఫ్రికా కప్ హడావుడి మధ్యలోనే 2014 వరల్డ్‌కప్ అర్హత పోటీలు నడుస్తున్నాయి. గ్రూపులో ట్యునీషియా, సియెర్రా లియోన్, ఈక్వటోరియల్ గినీ. ఒక్క విజేతకే తర్వాతి దశ. అంటే ఆఫ్రికాలో పది గ్రూపుల విజేతలు రెండేసి మ్యాచ్‌ల పోరు ఆడి, అయిదుగురు బ్రెజిల్ వెళ్లాలి. 2012 జూన్‌లో జరిగిన మొదటి రెండు మ్యాచ్‌లనూ కేప్ వెర్డె ఓడిపోయింది, సియెర్రా లియోన్ గడ్డపై ఒకటి, ట్యునీషియాతో ప్రాయాలో ఒకటి. 2013 మార్చి 24న మలాబోలో ఈక్వటోరియల్ గినీతో ఏడు గోల్స్ పడిన మ్యాచ్‌లో 3–4తో మూడో ఓటమి. ఆ మ్యాచ్‌లో వరేలాకు రెడ్ కార్డు పడింది. మ్యాచ్ అధికారి పట్ల అనుచితంగా ప్రవర్తించినందుకు నాలుగు మ్యాచ్‌ల నిషేధం. అప్పటికి చేతిలో ఒక్క పాయింటూ లేదు. వరల్డ్‌కప్ ఆశ ముగిసినట్టే లెక్క.

అది ముగియలేదు. మలాబోలో మూడు గోల్స్ కొట్టిన ఎమిలియో ఎన్సూయె అంతకు ముందు స్పెయిన్ యువజట్లకు ఆడినవాడు. దేశం మారాలంటే ఫిఫాకు దరఖాస్తు, అనుమతి కావాలి. ఈక్వటోరియల్ గినీ ఆ పని పూర్తి చేయలేదు. ఫిఫా విచారించి ఆ మ్యాచ్‌ను 3–0తో కేప్ వెర్డె ఖాతాలో వేసింది. జూన్‌లో ప్రాయాలో ఈక్వటోరియల్ గినీపైన, సియెర్రా లియోన్‌పైన వచ్చిన విజయాలను దానికి కలిపితే తొమ్మిది పాయింట్లు. ట్యునీషియాకు పదకొండు. మిగిలింది ఒకే మ్యాచ్, ఆ రెండు జట్ల మధ్యే. ఆ ఆఫీసు కాగితం రాకపోయి ఉంటే చివరి మ్యాచ్‌కు ఏ విలువా ఉండేది కాదు.

2013 సెప్టెంబర్ 7న ట్యూనిస్ శివారు రాడెస్‌లో ఆట. ట్యునీషియాకు డ్రా చాలు. కేప్ వెర్డె 2–0తో గెలిచింది. అదృష్టంతో దొరికిన గెలుపు కాదది. పన్నెండు పాయింట్లతో గ్రూపులో మొదటి స్థానం. ట్యునీషియా కోచ్ నబీల్ మాలూల్ రాజీనామా చేశారు. దీవుల్లో మళ్లీ వీధులు నిండాయి. అయిదు లక్షల జనాభా లేని దేశం వరల్డ్‌కప్‌కు రెండు మ్యాచ్‌ల దూరంలో ఉంది.

రాడెస్‌లో రక్షణలో నిలబడినవారిలో ఫెర్నాండో వరేలా ఉన్నాడు. మార్చిలో పడిన నాలుగు మ్యాచ్‌ల నిషేధం అప్పటికి ముగియలేదు. ఎన్సూయె వ్యవహారంతో మలాబో మ్యాచ్ ఫలితం మారింది. ఓటమి గెలుపైంది, కొట్టిన గోల్స్, తిన్న గోల్స్ అన్నీ చెరిగిపోయాయి. కానీ ఆ మ్యాచ్‌లో పడిన రెడ్ కార్డు చెరిగిపోలేదు. నిబంధనల్లో ఫలితం ఒక విషయం, క్రమశిక్షణ శిక్ష మరో విషయం. నిషేధంలో ఉన్న ఆటగాణ్ని ఆడించినందుకు సెప్టెంబర్ 12న ఫిఫా క్రమశిక్షణ సంఘం రాడెస్ మ్యాచ్‌ను 3–0తో ట్యునీషియాకు ఇచ్చేసింది. పన్నెండు పాయింట్లు మళ్లీ తొమ్మిదయ్యాయి. ఎదుటివారి కాగితపు పొరపాటు వల్ల బతికిన ఆశ, సొంత కాగితపు పొరపాటు వల్ల పోయింది. రెండింటికీ మూలం ఒకే మ్యాచ్.

ఈ ఘటనను దురదృష్టమని వదిలేయడం సరికాదు. మూడేళ్లలో జట్టు ఎదిగిన వేగాన్ని దాని వెనుక ఉన్న కార్యాలయం అందుకోలేదు. పెద్ద దేశాల సమాఖ్యల్లో నిషేధాలు, అర్హతలు, నమోదుల లెక్క చూడటానికే ప్రత్యేక సిబ్బంది, న్యాయవాదులు ఉంటారు. చిన్న సమాఖ్యలో విమానం టికెట్లు కొనేవారే ఆటగాళ్ల కార్డుల లెక్కా చూసుకోవాలి. మైదానంలో ఆ జట్టు ఆఫ్రికాలో మొదటి పదింటిలో నిలిచే స్థాయికి చేరింది. ఆఫీసులో మాత్రం ఇంకా 2000 నాటి దేశంలానే ఉండిపోయింది. వరేలా ఒక్కణ్ని నిందించడం కూడా న్యాయం కాదు. అంగోలాపై అతని గోల్ లేకుంటే క్వార్టర్ ఫైనలే లేదు. పైగా ఏ మ్యాచ్‌లో ఆడవచ్చో, ఏది ఆడకూడదో చూసి చెప్పాల్సింది ఆటగాడు కాదు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కేప్ వెర్డె స్థానంలో ప్లేఆఫ్‌కు వెళ్లిన ట్యునీషియా ట్యూనిస్‌లో 0–0 చేసి, యవుండేలో 1–4తో ఓడింది. ఆ గెలుపుతో బ్రెజిల్ వెళ్లింది కామెరూన్, ఏడాది కిందట ఇదే కేప్ వెర్డె చేతిలో తప్పుకున్న కామెరూన్. ఆంటూనెస్ జట్టు నుంచి వెళ్లిపోయారు. అయినా ఆయన కూర్చిన జట్టు చెదరలేదు. 2014 ఫిబ్రవరిలో ఫిఫా ర్యాంకింగుల్లో కేప్ వెర్డె 27వ స్థానానికి చేరింది.

ఆ రాడెస్ మ్యాచ్ నాటి కుర్రాళ్లలో కొందరు పన్నెండేళ్ల తర్వాత కూడా నీలం చొక్కాలోనే ఉంటారని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు. ప్రాయా శివార్లలో 15 వేల మంది పట్టే కొత్త జాతీయ స్టేడియం లేవడం, 2015 ఆఫ్రికా కప్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండానే ఒక్క గోల్ తేడాతో ఇంటికి రావడం, అదే ఏడాది మార్చిలో పోర్చుగల్‌ను దాని గడ్డపైనే 2–0తో ఓడించడం, డబ్లిన్‌లో పుట్టిన రాబర్టో లోపెస్‌కు లింక్డిన్‌లో పోర్చుగీసులో వచ్చిన సందేశం నెలల తరబడి జవాబు లేకుండా ఉండిపోవడం, మాజీ కెప్టెన్ బుబిస్టా కోచ్‌గా రావడం, 2025 అక్టోబర్ 13 సాయంత్రం ప్రాయాలో ఎస్వాతినీతో ఆడిన మ్యాచ్... ఇవన్నీ వచ్చే భాగంలో.